హెర్బర్ట్ కవితలు కొనేముందు రెక్కల పేజీ తెరవండి

పదిహేడో శతాబ్దపు ఇంగ్లిష్ భక్తికవి జార్జ్ హెర్బర్ట్ కవితల పుస్తకం చేతికి రాగానే ముందుమాట జోలికి పోకండి. విషయసూచికలో 'ఈస్టర్ వింగ్స్' ఎక్కడుందో చూసి ఆ పేజీ తెరవండి. రెండు చరణాలు, ఒక్కోదానికి 10 పాదాలు. పలుకులో లెక్కపెడితే మొదటి పాదంలో 10 అక్షరాలు, తర్వాత 8, 6, 4, 2. అక్కణ్ణించి మళ్లీ 2, 4, 6, 8, 10. నిండు సంపదతో పుట్టిన మనిషి ఒక్కొక్కటే పోగొట్టుకుని 'నిరుపేద' అయ్యేసరికి పాదం రెండక్షరాలకు చిక్కిపోతుంది. 'నీతో' అనే మాట దగ్గర మళ్లీ విచ్చుకోవడం మొదలవుతుంది. 1633లో కేంబ్రిడ్జిలో అచ్చైన మొదటి ముద్రణలో ఈ చరణాలను పేజీ మీద అడ్డం తిప్పి వేశారు. పుస్తకాన్ని పక్కకు తిప్పితే కవిత చదవొచ్చు, తిప్పకుండా చూస్తే రెక్కలు కనిపిస్తాయి. మీ చేతిలో ఉన్న ప్రతిలో పాదాలన్నీ ఎడమ అంచుకు బారుగా ఆనుకుని ఉన్నా, పొడుగు పాదం విరిగి కింది వరసలోకి జారినా, డబ్బు పెట్టకండి.

నాగబంధం, చక్రబంధం చూసిన తెలుగువాళ్లకు ఇది వెంటనే బోధపడుతుంది. బంధ పద్యాన్ని బొమ్మ లేకుండా మామూలు నాలుగు పాదాల్లా అచ్చువేస్తే పద్యం మిగులుతుంది కానీ కవి పడ్డ శ్రమ కనబడదు. తేడా ఒకటుంది. మన బంధాల్లో అక్షరాలు గళ్లలో కూర్చుంటాయి, ఒకే అక్షరం రెండు దారుల్లో పనికొస్తుంది. హెర్బర్ట్ దగ్గర ఆకారం పాదం పొడుగులోంచి పుడుతుంది. అందుకే అచ్చు కూర్చేవాడు కాస్త అజాగ్రత్తగా ఉన్నా అర్థానికే దెబ్బ తగులుతుంది. 'ది ఆల్టర్' అనే బలిపీఠం కవితా అంతే: 10 అక్షరాల పాదాలు రెండు, 8 అక్షరాలవి రెండు, నడుమ స్తంభంలా 4 అక్షరాలవి ఎనిమిది, మళ్లీ 8వి రెండు, 10వి రెండు. మొత్తం 16. ఏ ఒక్క పాదం తెగినా పీఠం ఒరిగిపోతుంది.

రెండో పరీక్ష 'ప్యారడైజ్'. మూడేసి పాదాల చరణాలు అయిదు. దేవుడు తోటమాలి, కవి ఆ తోటలో చెట్టు, కొమ్మలు కత్తిరించడం శిక్షలా కనిపించే పోషణ. పాదాంతంలో మాటను కూడా ఒక్కో అక్షరం కత్తిరిస్తాడు: గ్రో, రో, ఓ. ఇంకో చరణంలో స్టార్ట్, టార్ట్, ఆర్ట్. అయిదో చరణంలో ఫ్రెండ్, రెండ్, ఎండ్. ఇక్కడే చిక్కు. నేటి ఇంగ్లిష్ స్పెల్లింగులో ఫ్రెండ్‌కు 'ఐ' అక్షరం ఉంది. అది ఉంటే మొదటి అక్షరం తీసేసినా 'రెండ్' రాదు. హెర్బర్ట్ కాలపు అచ్చులో ఆ 'ఐ' లేదు. అలాగే 'అప్పుపడి ఉండటం' అనే అర్థంలో వచ్చే 'ఓ'కు నేడు మూడక్షరాలు రాస్తారు, అప్పటి అచ్చులో రెండే. స్పెల్లింగులన్నీ ఆధునికం చేస్తామనే సంపాదకులు కూడా ఈ పేజీ దగ్గరకొచ్చి ఆగాలి. ఆగారో లేదో చూడండి. ఆగకపోతే మిగతా పేజీల్లోనూ అదే నిర్లక్ష్యం ఉంటుంది.

మూడోది కొలస్సయులకు రాసిన పత్రిక 3:3 మీద రాసిన చిన్న కవిత. 10 పాదాలు. మొదటి పాదంలో మొదటి మాట, రెండో పాదంలో రెండో మాట, ఇలా ఏటవాలుగా దిగితే 'నా నిధి అయినవానిలో నా జీవం దాగి ఉంది' అనే అర్థమిచ్చే పది మాటల వాక్యం బయటపడుతుంది. జీవం దాచబడి ఉందని చెప్పే వచనం కాబట్టి వాక్యాన్ని నిజంగానే దాచాడు. ఆ మాటలు వేరే అచ్చు అక్షరాల్లో తేలాలి. తేలకపోతే పాఠకుడు ఆ పేజీ దాటిపోతాడు, తప్పు పాఠకుడిది కాదు.

ఈ మూడు పేజీలు బాగుంటే మిగతాది నమ్మొచ్చు. ఇక మార్కెట్లో దొరికే ప్రతుల సంగతి.

అంతకంటే ముందు ఆయన ఎవరో రెండు ముక్కల్లో చెప్పక తప్పదు, ఎందుకంటే ఏ ప్రతిలో ఏముంది అనేది ఆయన బతుకు మీద ఆధారపడి ఉంది. 1593 ఏప్రిల్ 3న వేల్స్‌లోని మాంట్‌గమరీలో పెద్దింట పుట్టాడు. మూడేళ్లకే తండ్రి పోయాడు. తల్లి మాగ్డలిన్ పదిమంది పిల్లల్ని పెంచింది. కవి జాన్ డన్ ఆ ఇంటికి ఆప్తుడు. వెస్ట్‌మినిస్టర్ బడి, కేంబ్రిడ్జిలో ట్రినిటీ కాలేజీ, 1620 నుంచి విశ్వవిద్యాలయానికి అధికార వక్త పదవి. రాజుకూ మంత్రులకూ లాటిన్‌లో ఉత్తరాలు రాసే, స్వాగతోపన్యాసాలు చదివే ఉద్యోగం అది. అక్కణ్ణించి దర్బారు మెట్లెక్కినవాళ్లున్నారు. 1624లో పార్లమెంటు సభ్యుడయ్యాడు. ఆ తర్వాత దారి మళ్లింది. 1629లో జేన్ డాన్వర్స్‌ను పెళ్లాడి, 1630లో సాల్స్‌బరీ పక్కన బెమర్టన్ అనే పల్లెలో పాదిరిగా కుదిరాడు. మూడేళ్లు నిండకుండానే, 1633 మార్చి 1న, క్షయతో పోయాడు. 40 ఏళ్లు నిండలేదు. బతికుండగా ఇంగ్లిష్ కవితల పుస్తకం ఒక్కటీ అచ్చువేయలేదు. రాతప్రతి లిటిల్ గిడింగ్‌లో ఉండే మిత్రుడు నికొలస్ ఫెరార్‌కు చేరింది. అదే ఏడు 'ది టెంపుల్' పేరుతో, జేబులో పట్టే చిన్న పుస్తకంగా కేంబ్రిడ్జిలో వెలువడింది.

కాబట్టి ఈ కవితలకు మూడు మూలపాఠాలున్నాయి. విలియమ్స్ రాతప్రతి పాతది. అందులో కవితలు తక్కువ, హెర్బర్ట్ సొంత చేతి దిద్దుబాట్లు ఉన్నాయి. ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ లైబ్రరీలోని రాతప్రతి లిటిల్ గిడింగ్‌లో తీసిన శుభ్రమైన నకలు. మూడోది 1633 అచ్చు. ఏ సంపాదకుడైనా ఈ మూడింటి మధ్య ఎంచుకోవాల్సిందే.

ముందు పెంగ్విన్ క్లాసిక్స్ వారి 'ది కంప్లీట్ ఇంగ్లిష్ పోయమ్స్', జాన్ టోబిన్ సంపాదకత్వం, 1991లో వచ్చింది. మొదటిసారి చదివేవాళ్లకు నా ఓటు దీనికే. కవితలన్నీ ఉన్నాయి, విలియమ్స్ ప్రతిలో ఉండి 'ది టెంపుల్'లోకి రానివీ ఉన్నాయి, పల్లె పాదిరి విధుల గురించి హెర్బర్ట్ రాసిన వచనం ఉంది, ఐజాక్ వాల్టన్ రాసిన జీవితచరిత్ర ఉంది, లాటిన్ కవితలు కొన్ని అనువాదంతో ఉన్నాయి. ఒకే పేపర్‌బ్యాక్‌లో మనిషీ కవీ ఇద్దరూ దొరకడం ఇందులోనే. లోటు ఏమిటంటే వివరణలు పుస్తకం చివర ఉన్నాయి. హెర్బర్ట్‌కు ఇది నిజంగా ఇబ్బంది. 14 పాదాల కవితకు నాలుగైదుసార్లు వెనక్కి వెళ్లాలి. రెండు దారపు గుర్తులు పెట్టుకోండి, ఒకటి కవిత దగ్గర, ఒకటి వివరణల దగ్గర. ఆధునిక స్పెల్లింగు చదవడానికి హాయిగా ఉంటుంది కానీ కొన్నిచోట్ల శ్లేషను మింగేస్తుంది. 'ది సన్' అనే కవిత మొత్తం సూర్యుడికీ కొడుక్కీ ఇంగ్లిష్‌లో ఒకే పలుకు ఉండటం మీద నడుస్తుంది. అప్పటి స్పెల్లింగులో ఆ రెండు మాటలూ చూపుకు కూడా అక్కాచెల్లెళ్లలా ఉండేవి.

పెంగ్విన్‌లోనే 2015లో జాన్ డ్రూరీ, విక్టోరియా మౌల్ కలిసి తెచ్చిన 'ది కంప్లీట్ పోయెట్రీ' ఇంకోటి. పేర్లు దగ్గరగా ఉండటంతో ఆన్‌లైన్‌లో ఒకటి అనుకుని ఇంకోటి తెప్పించుకునే ప్రమాదం ఉంది. సంపాదకుడి పేరు చూసి ఆర్డర్ పెట్టండి. ఇందులో లాటిన్, గ్రీకు కవితలన్నీ మౌల్ అనువాదంతో ఉన్నాయి. తల్లి 1627లో పోయినప్పుడు హెర్బర్ట్ రాసిన 19 స్మృతి కవితలు ఇక్కడ పూర్తిగా చదవొచ్చు. ఇంగ్లిష్‌లో దేవుడితో తప్ప ఇంకెవరితోనూ పెద్దగా మాట్లాడని కవి, లాటిన్‌లో తల్లి కోసం గొంతెత్తి ఏడుస్తాడు. ఆ రెండో గొంతు వినాలనుకునేవాళ్లకు ఈ ప్రతి ఉండాల్సిందే. కానీ పేరులోనే ఉంది, ఇది కవిత్వం మాత్రమే. వచనం లేదు.

హెలెన్ విల్కాక్స్ 2007లో కేంబ్రిడ్జి యూనివర్సిటీ ప్రెస్‌కు సిద్ధం చేసిన 'ది ఇంగ్లిష్ పోయమ్స్ ఆఫ్ జార్జ్ హెర్బర్ట్' వేరే తరగతి. పాత స్పెల్లింగు. వివరణలు కవిత పక్కనే ఉంటాయి, వెనక్కి పరిగెత్తే పని లేదు. ఒక్కో కవితకూ బైబిల్ మూలం, ప్రార్థన పుస్తకంతో బంధం, పాఠభేదాలు, అప్పటిదాకా విమర్శకులు ఏమన్నారు, అన్నీ వేరువేరుగా ఇస్తుంది. ఉదాహరణకు 'ది ఎలిక్సిర్' చూడండి. విలియమ్స్ ప్రతిలో దాని పేరు 'పర్ఫెక్షన్'. దేవుడి కోసం చేస్తే గది ఊడ్చే పని కూడా పవిత్రమవుతుందని చెప్పే ఈ కవితకు, ఇనుమును బంగారం చేసే పరుసవేది పోలిక తర్వాత దిద్దుబాటులో వచ్చి చేరింది. కవి చెయ్యి కదలడం చూడాలంటే ఇలాంటి ప్రతి కావాలి. నష్టాలూ చెప్పాలి. ఇది లావుపాటి పుస్తకం, పడుకుని చదవడానికి పనికిరాదు. ధర పెంగ్విన్‌కు ఎన్నో రెట్లు. చిన్న అచ్చులో వివరణ కవితను అన్ని వైపులా ముట్టడిస్తుంది. 18 పాదాల కవిత చుట్టూ పేజీల కొద్దీ పాండిత్యం ఉంటే, కొత్తవాడు కవిత వదిలేసి పాండిత్యమే చదువుతాడు. ఎం.ఏ. ఇంగ్లిష్ వాళ్లకు, పరిశోధన చేసేవాళ్లకు లైబ్రరీలో ఉండాలి. ఇంటికి మాత్రం రెండో కొనుగోలుగానే తెచ్చుకోండి.

ఎఫ్.ఇ. హచిన్సన్ 1941 ఆక్స్‌ఫర్డ్ ప్రతి పాత పుస్తకాల దుకాణంలో కనిపిస్తే వదలకండి. కవితలు, వచనం, లాటిన్, ఉత్తరాలు అన్నీ ఒకచోట ఉన్న ప్రతి అది.

ఉచితంగా దొరికే స్కాన్ల విషయంలో ఒక హెచ్చరిక. కాపీరైటు తీరిపోయిన ప్రతుల్లో బాగా చెలామణిలో ఉన్నది 1905లో అమెరికాలో వచ్చిన మూడు సంపుటాలది. సంపాదకుడు జార్జ్ హెర్బర్ట్ పామర్. పేరులోనే కవి ఉన్నాడు, భక్తికి లోటు లేదు. కానీ ఆయన కవితల వరస మార్చేశాడు, ఏది ఎప్పుడు రాసి ఉంటాడన్న తన ఊహ ప్రకారం. హెర్బర్ట్ కవితల్లో చాలావాటికి తేదీలు లేవు. పైగా 'ది టెంపుల్' వరస కట్టడం లాంటిది. ముందు వాకిలి, 'ది చర్చ్ పోర్చ్': 77 చరణాల నీతిబోధ. తర్వాత గడప దాటితే 'ది చర్చ్'. అందులో మొదట కనిపించేది బలిపీఠం, దాని వెనకే క్రీస్తు సిలువ మీదినుంచి మాట్లాడే 63 చరణాల 'ది సాక్రిఫైస్'. లోపలికి పోతే తాళం, నేల, కిటికీలు, సమాధులు. చివర మరణం, తీర్పుదినం, తీర్పు, స్వర్గం, ఆ తర్వాత ప్రేమ. ఈ వరస విప్పేస్తే గుడి రాళ్లను సైజుల వారీగా పేర్చినట్టే. పామర్ వివరణలు ఇప్పటికీ పనికొస్తాయి, పాఠం కోసం మాత్రం వద్దు.

కిండిల్, ఫోన్ సంగతి ఇంకా అన్యాయం. ఈ-బుక్కులో అక్షరం సైజు పెంచగానే పాదాలు వాటంతట అవే విరుగుతాయి. మామూలు కవికి అది చికాకు మాత్రమే. హెర్బర్ట్‌కు పాదం లోపలికి ఎంత జరిగి ఉందన్నదే ఒక సమాచారం: ఏ పాదం ఏ పాదంతో ప్రాస కలుపుతుందో, ఏది పొట్టిదో, ఏది పొడుగో ఆ ఖాళీ చెబుతుంది. 'ది కాలర్' 36 పాదాలు. కోపంతో బల్ల గుద్ది, 'ఇక చాలు, నేను వెళ్లిపోతా' అనే పాదిరి మాటలు. అందులో పాదాలు పొట్టిగా పొడుగ్గా చెల్లాచెదురుగా ఉంటాయి, ప్రాసలు ఎక్కడెక్కడో దూరంగా కలుస్తాయి. చివరి నాలుగు పాదాల్లో మాత్రం ప్రాస ఒకటి విడిచి ఒకటి బుద్ధిగా కూర్చుంటుంది, 'బిడ్డా' అన్న పిలుపు వినబడేది అక్కడే. ఖాళీలు పోయిన ఈ-బుక్కులో మొదటి 32 పాదాల రభస కంటికి కనపడదు, కాబట్టి చివరి నాలుగింటి శాంతీ తెలియదు. ఫోన్‌లోనే చదవాలంటే పేజీ బొమ్మ కదలకుండా ఉండే పీడీఎఫ్ తీసుకుని, ఫోన్ అడ్డంగా తిప్పి చదవండి.

కవితల పేర్ల పక్కన కనిపించే అంకెల గురించి కూడా చెప్పాలి. లవ్ 1, 2, 3, ప్రేయర్ 1, 2, అఫ్లిక్షన్ 1 నుంచి 5. ఇవి హెర్బర్ట్ పెట్టినవి కావు. ఆయన ఒకే పేరును మళ్లీ మళ్లీ వాడాడు, గుర్తుపట్టడానికి సంపాదకులు అంకెలు వేశారు. 'ప్రేమ' అనే పేరు మొదట్లో ఒకసారి, చివర ఒకసారి ఎదురవడం పాఠకుడికి తగలాల్సిన దెబ్బ. అంకె ఆ దెబ్బను కాస్త మొద్దుబారుస్తుంది.

ఇంగ్లిష్ బాగా వచ్చిన తెలుగు పాఠకులు తడబడేది కష్టమైన మాటల దగ్గర కాదు, తెలిసిన మాటల దగ్గర. హెర్బర్ట్ భాష పైకి చాలా తేలిక, 400 ఏళ్లలో ఆ తేలిక మాటల అర్థాలే జరిగిపోయాయి. 'స్టిల్' అంటే చాలాచోట్ల 'ఎల్లప్పుడూ'. 'వాంట్' అంటే కోరడం కాదు, లేకపోవడం. 'బ్రేవ్' గులాబీ ధైర్యంగలది కాదు, డాబైనది. 'స్వీట్స్ కుదించి పెట్టిన పెట్టె' అంటే మిఠాయి డబ్బా కాదు, పరిమళాల భరిణె. 'బోర్డ్' అంటే భోజనపు బల్ల, చర్చిలో అయితే ప్రభురాత్రి భోజనపు బల్ల. కాబట్టి 'ది కాలర్'లో పాదిరి గుద్దింది ఏ బల్లో ఆలోచించుకోవచ్చు. 'మీట్' అంటే మాంసం కాదు, ఏ భోజనమైనా. ఈ ఆరు మాటలు పుస్తకం అట్ట లోపల పెన్సిల్‌తో రాసుకుంటే వివరణల కోసం వెనక్కి వెళ్లే ప్రయాణాలు సగం తగ్గుతాయి.

శ్లేషలు ఇంకో ఎత్తు. 'ది పుల్లీ'లో దేవుడు మనిషికి బలం, అందం, జ్ఞానం, గౌరవం, సుఖం అన్నీ పోసి, అడుగున ఉన్న 'రెస్ట్' మాత్రం ఆపేస్తాడు. ఆ మాటకు విశ్రాంతి అనీ మిగిలినది అనీ రెండర్థాలు. చివరి చరణంలో 'మిగిలినవి ఉంచుకోనీ, తీరని అలజడితో' అంటాడు. అనువాదంలో ఇది నిలవదు. తెలుగులో విశ్రాంతికీ శేషానికీ ఒకే మాట లేదు. ఈ కవితను తెలుగులో చదివి హెర్బర్ట్ తేలిపోయాడనుకునేవాళ్లు తప్పు కవి మీద వేయకూడదు.

'రిడెంప్షన్' మాత్రం మనకు చాలా దగ్గర. కౌలుదారు పాత కౌలు రద్దు చేయించుకుని తక్కువ మక్తాకు కొత్త కౌలు పొందాలని భూస్వామిని వెతుక్కుంటూ వెళతాడు. పెద్ద నగరాల్లో, ఉద్యానాల్లో, దర్బారుల్లో వెతుకుతాడు. చివరికి దొంగలూ హంతకుల మధ్య గోలగోలగా ఉన్నచోట కనిపిస్తాడు. అడగక ముందే 'నీ మనవి ఒప్పుకున్నాను' అని చెప్పి చచ్చిపోతాడు. 14 పాదాల్లో కథ, వివరణలు చూడక్కర్లేదు. కౌలు కాగితాల మధ్య పెరిగిన ఏ పల్లెవాళ్లకైనా చదివి చెప్పొచ్చు. మొదలుపెట్టాల్సింది ఇక్కణ్ణించే. తర్వాత 'డినయల్': ఆరు చరణాలు, ఒక్కోదానికి అయిదు పాదాలు, అయిదింట ఆఖరి పాదం దేనితోనూ ప్రాస కలవదు, ఆరోదానిలో కలుస్తుంది. మొర వినబడలేదన్నంతసేపూ పద్యం విరిగే ఉంటుంది. ఆ తర్వాత 'ప్రేయర్' మొదటిది: ప్రార్థనకు వరసగా పోలికలు, ఎక్కడా ప్రధాన క్రియ లేదు. అప్పుడు 'ది ఫ్లవర్'. 'ది చర్చ్ పోర్చ్' పుస్తకంలో ముందుంది కదా అని దానితో మొదలుపెడితే 462 పాదాల మంచిబుద్ధులు విని పుస్తకం మూసేస్తారు. ఇంత కట్టడం కట్టిన మనిషి వాకిట్లో అంతసేపు నిలబెట్టడం ఆయన చేసిన తప్పే.

వచనం ఉన్న ప్రతి ఎందుకు తీసుకోమన్నానంటే, పల్లె పాదిరి విధుల మీద ఆయన రాసిన 37 అధ్యాయాలు కవితలకు నేపథ్యం. అది ఆయన పోయాక 19 ఏళ్లకు, 1652లో అచ్చైంది. ప్రసంగం గంట దాటకూడదంటాడు. చర్చి ఊడ్చి, దుమ్మూ సాలెగూళ్లూ లేకుండా ఉంచి, పండగలకు కొమ్మలు కట్టి, సాంబ్రాణి వేయాలంటాడు. పాదిరి భార్యకు మందుల పరిజ్ఞానం ఉండాలి, ఊళ్లో పుండ్లకు కట్టు కట్టగలగాలి. పట్నపు మందులషాపు సరుకుకు బదులు పెరటి మొక్కలు వాడాలి: చామంతి జాతి మొక్కలూ, రోజ్‌మేరీ, థైమ్, పుదీన. పల్లెవాళ్లతో మాట్లాడేటప్పుడు నాగలి, గొడ్డలి, పులిపిండి పోలికలు తేవాలంటాడు. నవ్వు గురించి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. ఇది చదివాక 'ది ఎలిక్సిర్'లో చీపురు ఎక్కణ్ణించి వచ్చిందో అడగనక్కర్లేదు. దోర్నకల్ వైపు సి.ఎస్.ఐ. సంఘాల్లో ఆంగ్లికన్ ప్రార్థన క్రమంతో పెరిగినవాళ్లకు ఇందులో చాలా భాగం ఎరిగిన ఇల్లులా ఉంటుంది.

జీవితచరిత్రల్లో వాల్టన్‌ది 1670 నాటిది. చదవడానికి తియ్యగా ఉంటుంది, నమ్మడానికి జాగ్రత్త కావాలి. తనకు హెర్బర్ట్‌తో పరిచయం లేదని ఆయనే ఒప్పుకున్నాడు. పెళ్లి మొదటి చూపు తర్వాత మూడోరోజే అయిందంటాడు. వారానికి రెండుసార్లు సంగీతం కోసం సాల్స్‌బరీ కెథెడ్రల్‌కు నడిచి వెళ్లేవాడనీ, దారిలో గుర్రం పడిపోయిన పేదవాడికి సాయం చేసి మట్టికొట్టుకుని వచ్చాడనీ చెప్పేది ఆయనే. లైటన్ బ్రోమ్స్‌వల్డ్‌లో పాడుబడ్డ చర్చిని బాగుచేయించి, ప్రార్థన చదివే పీఠాన్నీ ప్రసంగ పీఠాన్నీ ఒకే ఎత్తున కట్టించాడని రాసింది మాత్రం ఇప్పటికీ కళ్లతో చూడొచ్చు. 'ది చర్చ్ మిలిటెంట్'లో మతం అమెరికా తీరానికి పోవడానికి మునివేళ్ల మీద నిలబడి ఉందన్న రెండు పాదాల వల్ల అచ్చుకు అనుమతి ఆగిందన్న కథా ఆయనదే. జాన్ డ్రూరీ 2013లో రాసిన 'మ్యూజిక్ ఎట్ మిడ్‌నైట్' ఇప్పుడు ఎక్కువమంది చదివేది. కవితలను జీవిత ఘట్టాల పక్కన పెట్టి చాలా హాయిగా విప్పుతుంది. చిక్కల్లా, తేదీ లేని కవితను ఫలానా ఏటి పక్కన కూర్చోబెట్టగానే అది సాక్ష్యంలా కనిపించడం మొదలవుతుంది. వాస్తవాల వరకే కావాలంటే ఎమీ ఎం. చార్ల్స్ 1977లో రాసినది పొడిగా ఉన్నా గట్టిది.

వినాలనుకునేవాళ్లకు ఇంగ్లిష్ సంగీతకర్త రాల్ఫ్ వాన్ విలియమ్స్ 1911 నాటి 'ఫైవ్ మిస్టికల్ సాంగ్స్' ఉంది, పాటలన్నీ హెర్బర్ట్‌వే. బెమర్టన్‌లో హెర్బర్ట్ ఉన్న పాత ఇంటిని విక్రమ్ సేఠ్ కొనుక్కున్నాడు. ఆ ఇంట్లో ఉండి హెర్బర్ట్ చరణాల అచ్చులో సొంత కవితలు పోశాడు. ఒక పద్యరూపం ఎంత గట్టిగా కట్టి ఉందో తెలియాలంటే ఇంకో కవి అందులో కాపురం పెట్టి చూపించడమంత మంచి పరీక్ష లేదు.

చివరగా తెలుగులోకి తేవాలనుకునేవాళ్ల కోసం. 'ది చర్చ్'కు ఆఖరి కవిత, సంపాదకుల లెక్కలో లవ్ 3. ప్రేమ అతిథిని లోపలికి పిలుస్తుంది. దుమ్ముకొట్టుకుని వచ్చిన అతిథి వెనక్కి తగ్గుతాడు, నేను తగనివాణ్ని అంటాడు. ప్రేమ చెయ్యి పట్టుకుంటుంది. ఇంగ్లిష్‌లో రెండో చరణం చివరిదాకా ఆ ప్రేమ ఎవరో పేరు పెట్టక్కర్లేదు, క్రియకు లింగం లేదు. మూడో చరణంలో అతిథి 'ప్రభూ' అని పిలిచాకే ముసుగు తొలగుతుంది. తెలుగులో మొదటి పాదంలోనే 'పిలిచింది' అనాలో 'పిలిచాడు' అనాలో తేల్చుకోవాలి. 'పిలిచాడు' అంటే రహస్యం ముందే బయటపడుతుంది, 'పిలిచింది' అంటే 'ప్రభూ' దగ్గర నాలుక తడబడుతుంది. క్రియ లేకుండా 'రమ్మని ప్రేమ పిలుపు' లాంటి నామవాచకాలతో రెండు చరణాలు నెట్టుకురావడం ఒక్కటే దారి. ఆఖరి పాదం ఇంగ్లిష్‌లో ఆరు చిన్న మాటలు, పలుకులో ఒక్కోటి ఒక్కో అక్షరం. తెలుగులో 'కూర్చున్నాను, తిన్నాను' దగ్గర ఆగండి, ఇంకేమీ చేర్చకండి.